ఓరుగంటిసీమ వేసగిజాతరలు, యాత్రికజనము

జాతర యనుమాట సంస్కృతమందలి యాత్రాశబ్దమునకు ప్రాకృతముద్వారమున వచ్చిన తద్భవము. రూపమెట్లు మారినదో భాషాశాస్త్రజ్ఞులు చెప్పియున్నారు. అర్థము మారినతీరును మాత్ర మంతగా గమనించినట్లు లేదు. యాత్ర యనగా ఇల్లు విడిచి పోవుట. జాతర యనగా జనము వచ్చి యొకచోట గూడుట. పోవువానిపక్షమున నిలిచి చూచినచో నది యాత్ర. వచ్చినవారి నెదుర్కొను నూరివారిపక్షమున నిలిచి చూచినచో నదియే జాతర. తెలుగుకవులు యాత్రను చక్కగా వర్ణించిరి. జాతరను మోసిన యూళ్లమాట, అనగా వచ్చినవారు త్రాగిన నీరెచ్చటిది, వారు దిగిన పొలమెవ్వరిది, వారు పోయినపిమ్మట మిగిలినదేమి యనువిషయము, కావ్యములలో నరుదు. ఓరుగంటిసీమలో నీవిచారణకు దగిన సామగ్రి సమృద్ధిగా గలదు. ఇచ్చట నోరుగంటిసీమ యనగా 2016కు బూర్వము వరంగల్లుజిల్లాగా నుండి తరువాత పలుజిల్లాలుగా విభక్తమైన ప్రదేశమని గ్రహింపవలెను. కాళేశ్వరమును మాత్రము ఆనుకొనియున్న పుణ్యక్షేత్రమగుటచే నిందు జేర్చుట యైనది.

ఈసీమలోని ముఖ్యమైన జాతరలను కాలక్రమమున బేర్చి చూచినచో నొకవిశేషము దెలియును. ఐనవోలు మల్లన్నజాతర సంక్రాంతితో మొదలై యుగాదివరకు సాగును. కొమురవెల్లి మల్లన్నజాతర సంక్రాంతి తరువాతి యాదివారమున నారంభమై, ఉగాదికి ముందటి యాదివారముతో ముగియును. మాఘపూర్ణిమకు రెండేండ్ల కొకమారు మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర. మహాశివరాత్రికి కాళేశ్వరము, కురవి వీరభద్రుని గుడి, హనుమకొండ వేయిస్తంభముల గుడి. ఫాల్గునపూర్ణిమకు గ్రామగ్రామమున జాజిరిపాటలు. ఉగాదికి వసంతనవరాత్రములు. వైశాఖమున నోరుగల్లులో భద్రకాళీభద్రేశ్వరుల కల్యాణోత్సవములు, గోదావరి దాపున మల్లూరుగుట్టపై హేమాచలనృసింహుని బ్రహ్మోత్సవములు. అంతట మృగశిరకార్తె వచ్చును, తొలకరి పడును, ఈవరుస యొక్కసారిగా దెగిపోవును. మరల నాషాఢమున బోనములును, భద్రకాళికి శాకంబరీపూజయు గలవుగాని, అవి ప్రధానముగా నూరివారి వ్రతములు. బోనమనగా భోజనమే, ఇంట వండి యమ్మవారికి గొనిపోవు కుండెడన్నము. దానికి దూరపుబాట యక్కఱలేదు.

ఇట్టి క్రమమునకు గారణము పంచాంగమునందుకంటె పొలమునందు వెదకుట మేలు. వానకారు పంట సంక్రాంతినాటికి గాదెకెక్కును. ఒకపంట నేలలలో నాపిమ్మట మృగశిరవరకు నాగలి కదలదు. ఎద్దులకు పనిలేదు, బండ్లు ఖాళీగా నుండును, చేత నింత సొమ్ము, ఇంట నింత గింజ యుండును. గొఱ్ఱెలకాపరులకును నిది మందల దిరుగుకాలమే. బాటలు పొడిగా నుండును. వాగులు పాదములోతున బాఱును. కనుక గొల్లకురుమల దైవమగు మల్లన్న జాతర యీకాలమున జరుగుట వింతగాదు. వసంతము, గ్రీష్మము ననునవి కావ్యములలోని ఋతువులు. కాపువాని లెక్కకు కార్తెలు ముఖ్యములు. రోహిణికార్తెయెండలకు రోళ్లు పగులునను సామెత పుట్టినది నిజముగా నట్టియెండలు గల యీపీఠభూమినుండియే కావచ్చును. ఇందొక చిక్కు గలదు. జనమునకు తీరికయున్న నెలలును, చెఱువులలో నీరడుగంటు నెలలును నొక్కటియే. జాతరల చరిత్రయంతయు నీచిక్కుచుట్టును దిరుగుచుండును.

కొమురవెల్లిలో మల్లన్నమూర్తి పుట్టమన్నుతో జేసినది. స్వామి కిరువురు దేవేరులు: బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఒగ్గుపూజారులు పసుపు, కుంకుమ, పిండి మున్నగు రంగులపొడులతో నేలపై ముగ్గువలె పట్నములు వ్రాసి, ఒగ్గు వాయించుచు గథ చెప్పుదురు. శివరాత్రినాటి పెద్దపట్నము ప్రసిద్ధము. ఇచ్చటి యాదివారములకు గల పేళ్లు చరిత్రకారునకు విలువైనవి. మొదటి యాదివారము పట్నమువారము, రెండవది లష్కరువారము. పట్నమనగా హైదరాబాదు, లష్కరనగా సికింద్రాబాదు. ఆనగరములందలి భక్తులు వచ్చెడివారము లగుటచే నాపేళ్లు గలిగినవి. తిథినిబట్టి గాక, దైవలీలనుబట్టి గాక, వచ్చువారి యూరినిబట్టి దినమునకు పేరు వచ్చుట యరుదైన విషయము. యాత్రికులే జాతరను దిద్దుచున్నారనుటకు నింతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకదు.

ప్రాచీనవాఙ్మయమున నీసీమ యాత్రలకు రెండు గ్రంథములు ముఖ్యాధారములు. ఒకటి పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రము. సోమనాథుడు నేడు జనగామజిల్లాలోనున్న పాలకుర్తివాడని ప్రసిద్ధి. ఆద్విపదకావ్యమందలి పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమునకు బోవు భక్తబృందములు, వారి యాటపాటలు, వ్రతములు విపులముగా వర్ణింపబడినవి. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు మొదలగు పాటలపేళ్లను భద్రపఱచినది సోమనాథుడే. దేశిసాహిత్యమును బరిశీలించువా రాపేళ్లనే తఱచుగా నుదాహరింతురు. ఆపాటలు పుట్టినచోటు దారి యని మాత్రము మఱవరాదు. దినములతరబడి నడచువారికి అలసట దీర్చుటకును, గుంపు చెదరకుండుటకును పాట యొకసాధనము. నేడు బస్సులో నొకపూటలో బోయివచ్చువానికి అట్టిపాట యవసరము లేకపోయెను. జానపదవాఙ్మయము క్షీణించుటకు జెప్పెడి కారణములలో నీ దారి కుఱుచయగుటయు నొకటిగా జేర్పదగును.

రెండవది క్రీడాభిరామము. ఇది వినుకొండ వల్లభరాయని పేర నున్న వీథినాటకము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు దెనుగు. శ్రీనాథుని కృతియని వాదించిన పండితులును గలరు. కర్తృత్వవివాద మెట్లున్నను, గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు మిత్రులు ఓరుగంటివీథుల నొకదినమెల్ల దిరిగి చూచిన వింతలే యందలి కథ. కాకతమ్మగుడి, ఏకవీర, మైలారుదేవుని వీరభటుల సాహసములు, జక్కులపురంధ్రి పాట, పలనాటివీరుల కథాగానము, కోడిపందెము, పొట్టేళ్లపోరు, పాములవాని యాట, ప్రతాపరుద్రుని ప్రియురాలగు మాచల్దేవి చిత్రశాల: ఇట్లు సాగును. మైలారుడు మల్లన్నయే; కనుక నాటి వీరభటులకును నేటి ఒగ్గువారికిని నడుమ దెగని యొకదారము కానవచ్చును. అందలి మిత్రు లిరువురును యాత్రికులు గారు. వారు మ్రొక్కు దీర్పవచ్చినవారుగాక, ఊరు చూడవచ్చినవారు. వినోదమునకై దిరుగు పర్యాటకుడు తెలుగుకావ్యమున నింత నిండుగా గానవచ్చుట చాల పాతమాట యన్నమాట. పర్యాటనము క్రొత్తరోగమని యనువా రీగ్రంథమును దిరుగ జదువవలెను.

ఆగ్రంథమందే లక్ష్మణవజ్ఝల పూటకూటింటి ప్రశంస గలదు. పూట, కూడు, ఇల్లు అనుమూడుమాటల కలయిక యీపదము: ఒకపూట కూడు వెలకు బెట్టు నిల్లు. ఒక్క రూక యిచ్చినవానికి మేలిబియ్యపు టన్నము, గోధుమపిండివంటలు, నేయి, పప్పు, పండ్లు, ఊరుగాయ, పెరుగు మొదలగునవి యచట దొరకెనట. భోజనప్రియత్వమును బట్టి యాపద్యమును మెచ్చుకొనువారే యెక్కువ. వెలకు నన్నమమ్మినచో బాపమని తలచుకాలమునందు బ్రాహ్మణగృహమే పూటకూటిల్లయి యుండుట, ఆనగరమునకు బ్రతిదినమును వచ్చిపోవువారి సంఖ్య యెంతటిదో సూచించును. సత్రములకు మించినజనము వచ్చినప్పుడే పూటకూళ్లు పుట్టును.

సత్రముల మాటకు వచ్చినచో, కాకతీయుల కాలపు టేర్పాటొకటి విమర్శింపదగినది. 1261 నాటి మల్కాపురశాసనము గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశివుని దానధర్మములను దెలుపును. అందు అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల మున్నగువానికి భూములు, గ్రామాదాయములు కేటాయింపబడినవి. విప్రుడు మొదలు చండాలునివరకు నెవ్వరు వచ్చినను అన్నము పెట్టవలెనని నియమము. మల్కాపురము గుంటూరుసీమలోనిదైనను శాసనము కాకతీయరాజ్యమునకు జెందినదే. ఇందు గ్రహింపవలసిన సూక్ష్మము దాతృత్వము గాదు, లెక్క. వచ్చువాని కయ్యెడి వ్యయము ఏగ్రామపు టాదాయమునుండి రావలెనో ముందుగానే ఱాతిపై జెక్కి నిర్ణయించిరి. అతిథి భారము నిర్ణయములేక యెవ్వరిమీదనో పడలేదు. గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి పాకాలచెఱువు గట్టించెను. రేచర్ల రుద్రుడు 1213లో బాలంపేట రామప్పగుడి గట్టించెను, దానిచెంతనే పెద్దచెఱువును గలదు. గుడియు జెఱువును జంటగా బుట్టుట యీసీమ వాడుక. దేవుని జూడవచ్చినవాని దాహ మాచెఱువే దీర్చెను. దారిప్రక్క చలిపందిళ్లు, అనగా చల్లనినీటి పందిళ్లు, మిగిలినపని చేసెను. వేసవిలో వీథిమూలల గుండలుంచి నీరుపోయు చలివేంద్రములు నేటికిని వరంగల్లున గానవచ్చును.

ఇక మేడారము. ఇది 2019 నుండి ములుగుజిల్లాలోని తాడ్వాయిమండలమునకు జెందిన కోయగ్రామము. జాతర బుధవారము మొదలు శనివారమువరకు నాలుగుదినములు. బుధవారము కన్నెపల్లినుండి సారలమ్మ, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజులు గద్దెలకు వత్తురు. గురువారము చిలుకలగుట్టనుండి కోయపూజారులు కుంకుమభరిణెరూపమున సమ్మక్కను దెత్తురు. శుక్రవారము మ్రొక్కులు. శనివారము వనప్రవేశము. విగ్రహము లేదు, గోపురము లేదు. గద్దెయు, వెదురును, భరిణెయు మాత్రమే. బెల్లమును బంగారమందురు, భక్తులు తమయెత్తు బెల్లము తూచి సమర్పింతురు. జాతరకు ముందు మండెమెలిగె, గుడిమెలిగె యను పండుగలును, తరువాత తిరుగువారమును గలవు. ఈ ముందువెనుకల పండుగలే కోయలకు ముఖ్యములు. ఊరును గుడిసెను శుభ్రముచేసి, దైవమును బిలిచి, మరల సాగనంపు క్రమ మందు గలదు. నాలుగుదినముల నడిమిభాగమే లోకమునకు దెలిసినది.

జనశ్రుతియందు మేడారముకథకు మూలము కప్పము. ప్రతాపరుద్రుని కాలమున అనావృష్టివలన బంటలు పోగా, కోయనాయకుడగు పగిడిద్దరాజు కప్పము చెల్లింపలేకపోయెను. కాకతిసేన వచ్చెను. సమ్మక్క, సారలమ్మ, జంపన్నలు పోరి యొఱగిరి, జంపన్న సంపెంగవాగునబడి ప్రాణము విడిచెను, ఆవాగే జంపన్నవాగాయెను. ఇది శాసనములచే సిద్ధింపని కథయైనను, కథగా దానివిలువ దానికి గలదు. నీరులేని యేట నాడు కట్టలేని కప్పమునుగూర్చి పుట్టిన జాతర యిది.

మాఘమాసమున జంపన్నవాగున సహజముగా బాఱునీరు స్వల్పము. స్నానము చేయవచ్చువారు, ప్రభుత్వపు టంచనాలనుబట్టి, కోటిని మించుదురు. 2024 జాతర ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగెను. ఇంతజనమునకు సరిపడు నీరు వాగున నుండదు గనుక, లక్నవరము చెఱువునుండి నీరు విడుచుట యేర్పడినది. లక్నవరము కాకతీయులనాటి సేద్యపుజెఱువు. దాని యాయకట్టు రైతులకు యాసంగిపంటకు నీరు కావలసినదియు నామాసములందే. వాగున మునుగు ప్రతిభక్తుడును దెలియకయే యొకరైతు నీటివాటాలో గొంత పంచుకొనుచున్నాడు. ఇందుకు భక్తుని దోషమేమియు లేదు. మల్కాపురశాసనమువలె నీలెక్కను ముందుగా వ్రాసి, వాటానిచ్చిన రైతునకు మాఱుగా నేమి ముట్టవలెనో నిర్ణయించుటయే జరుగవలసినపని.

పొలము సంగతియు నట్టిదే. మేడారము, ఊరట్టము, నార్లాపురము, రెడ్డిగూడెము, కన్నెపల్లి పొలములలోనే గుడారములు, బండ్లు, వాహనములు దిగును. జాతరయేట నక్కడి రైతులలో ననేకులు యాసంగి వేయరు. వేసినను ద్రొక్కుళ్లకు నిలువదు. కొందఱు స్థలము నద్దెకిచ్చి, అంగడి పెట్టి, కోళ్లు, బెల్లము, కొబ్బరికాయ లమ్మి యాలోటు బూడ్చుకొందురు. అంగడికి దగినచోటు లేనివాని చేను, దారికి దూరమైనవాని చేను, ఆలాభమునకు నోచుకొనదు. చెత్తమాత్రము సమముగా బడును. జనము పోయినపిమ్మట సీసాపెంకులు, ఎముకలు, ప్లాస్టిక్కుసంచులు మిగులును. గద్దెలచుట్టును, రహదారులపైనను ప్రభుత్వపు పారిశుద్ధ్యపువారు శుభ్రపఱతురు. చేలలోనివి రైతు ఏఱుకొనవలసినదే. వట్టికాళ్లతో నారువేయువారికి పగిలిన గాజుపెంకొక్కటియే యెంతపనిచేయునో వేఱుగ జెప్పనక్కఱలేదు. చుట్టుపట్ల నడవి ఏటూరునాగారపు వన్యమృగసంరక్షణప్రదేశము. వంటచెఱకునకై, వెదురునకై యచట గొడ్డలి పడుటయు నున్నది.

జాతర నాలుగుదినములదే యన్న హద్దు నిప్పుడు చెఱుగుచున్నది. రద్దీకి జంకినవారు నెలముందుగా, ఆదివారములు, సెలవుదినములు చూచుకొని వచ్చుచున్నారు. దైవము గద్దెపై లేనిదినములందును గద్దెదర్శనము సాగుచున్నది. కోయసంప్రదాయమునుబట్టి వనప్రవేశమైన దేవత వనముననే యుండును. పిలువనిదినమున వచ్చువారు చూచునది దేవతను గాదు, ఆమె దిగినతావును మాత్రమే. నాలుగుదినముల యుప్పెనకంటె, రెండునెలల సన్ననిధార గ్రామమునకు సులువనుట యొకవిధముగా నిజమే; నీరు, మరుగు, దారి చాలును. కాని పూజారుల క్రమమును, రైతు పంటకాలమును నాధార మఱింత నడ్డగించును. ఈరెంటిలో నేది మేలో గ్రామమువారే నిర్ణయింపవలసినది.

ఇచ్చట సెలవుశబ్దమునుగూర్చి రెండుమాటలు. ప్రాచీనప్రయోగములందు సెలవనగా అనుజ్ఞ, వ్యయము అను నర్థములు గలవు. పనికి విరామమను నర్థము కొలువులతో, కచ్చేరీలతో బ్రబలినది. నిజాముకాలపు దెలంగాణమున దీనికి తాతీలను నుర్దూమాట వాడుక. ముసలివారినోట నిప్పటికిని వినవచ్చును. పొలమునకు తీరికయుండును, సెలవుండదు. తీరికను వానయు నెండయు నిచ్చును. సెలవును గచ్చేరీ యిచ్చును. పందొమ్మిదవశతాబ్దపు చివర వరంగల్లునకు రైలు వచ్చుటతోడను, పిమ్మట కాజీపేట కూడలియగుటతోడను, కచ్చేరీసెలవు ననుసరించి కదలుజనము పుట్టెను. తరువాత బడిసెలవులు వచ్చినవి. నేడు తెలంగాణమున వేసవిసెలవులు ఏప్రిలు చివర మొదలై జూను రెండవవారమువరకు నుండును. కాపువాని తీరిక సంక్రాంతితో నారంభమైనది. బడిపిల్లవాని తీరిక యెండలు ముదిరినపిమ్మట గాని రాదు. అందువలన యాత్రాకాలము చల్లనినెలలనుండి మండునెలలకు జరిగినది. సెలవునకు వ్యయమనునర్థ మేల గలిగినదో పిల్లలతో వేసవియాత్ర చేసివచ్చిన గృహస్థునకు నిఘంటువు చూడకయే తెలియును.

ఇట్లు జరిగినదానివలన వింతయైన ఫలితములు గలిగినవి. 2021 జూలై 25న రామప్పగుడికి ప్రపంచవారసత్వపు గుర్తింపు వచ్చినపిమ్మట దానిని జూడవచ్చువారు లక్నవరమును గూడ జూచిపోవుట పరిపాటి యైనది. లక్నవరమున ద్వీపములు, వ్రేలాడువంతెనలు, పడవలు గలవు. సెలవుల జనము వచ్చునది వైశాఖజ్యేష్ఠములందు. యాసంగికి నీరు విడిచినపిమ్మట చెఱువు సన్నగిల్లియుండునది నానాడే. పడవవాడు తూము మూయుమనును, కాపు తెఱువుమనును. ఎవరిమాట నెగ్గవలెనన్న ప్రశ్నకు జెఱువే యుత్తరము చెప్పుచున్నది: అది పడవలకై కట్టినది గాదు. అట్లని పడవవాని బ్రతుకును దీసివేయుటయు దగదు. వాజేడుదాపున బొగతజలపాతము మాత్రము వానకారునకు జెందినది గనుక, వేసవిసెలవులలో బోయినవారికి ఱాళ్లు గనబడును, నీరు తక్కువ.

ఓరుగల్లుపట్టణమునందలి భద్రకాళిచెఱువు కథ వేఱు. వైశాఖోత్సవములకు వచ్చువారును, దసరా నవరాత్రములకు వచ్చువారును, సాయంకాలమున గట్టుపై విహరించువారును నాచెఱువు చల్లదనము ననుభవింతురు. నగరపు మురుగు చేరి, పూడిక నిండి, గుఱ్ఱపుడెక్క ప్రబలి చెఱువు చెడినది. 2024 నవంబరులో పూడిక తీయుటకై నీటిని ఖాళీచేయ నారంభించిరి. పూర్వమైనచో వేసవిని చెఱువెండినప్పుడు కాపులే పూడికమట్టిని బండ్లపై చేలకు దోలుకొనెడివారు. పొలమునకు నెరువు, చెఱువునకు లోతు, రెండును నొకపనితో సమకూడెడివి. ఆ బండ్లే మొన్నటివఱకు జాతరకు బోయి వచ్చినవి. జాతరయు బూడికతీతయు నొకతీరికకాలపు రెండుపనులై యుండుటను బాతవారు వ్రాసిపెట్టలేదుగాని, ఎద్దులకును బండ్లకును దెలియును.

నడివేసవి యాత్రకు నిటీవలి గొప్ప యుదాహరణము కాళేశ్వరమున 2025 మే 15 మొదలు 26 వఱకు జరిగిన సరస్వతీపుష్కరము. బృహస్పతి మిథునరాశి బ్రవేశించినప్పు డాపుష్కరము. గోదావరియు బ్రాణహితయు గలియుచోట సరస్వతి యంతర్వాహినిగా నున్నదని విశ్వాసము. అచటి గుడిలో నొకే పానవట్టమున యముడు, ఈశ్వరుడు అని రెండు లింగములు గలవు. పుష్కరము పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చును. ఏమాసమున వచ్చునో గ్రహగతినిబట్టి యుండును. మాఘమునందో, శివరాత్రికో వచ్చు జాతర యైనచో జనము తమ యలవాటునుబట్టి సిద్ధపడుదురు. మేనెలలో నదీగర్భపు టిసుకపై పట్టపగలు నిలువవలసినవచ్చినప్పుడు సిద్ధపడవలసినది నిర్వాహకులే: పందిళ్లు, మంచినీరు, ఉప్పుకలిపిన మజ్జిగ, వైద్యులు. చలిపందిరి యనుమాటకు వాచ్యార్థము తిరిగివచ్చినది.

కాజీపేటలోని అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సు నీవరుసలో జేర్పక విడువరాదు. హిందువులును ముసల్మానులును వచ్చు నాయుత్సవము సఫరుమాసమున జరుగును. అధికమాసములేని చాంద్రమానము గనుక నది యేటేట దాదాపు పదునొకండు దినములు ముందునకు జరుగుచు, ముప్పదిమూడేండ్లలో నన్ని ఋతువులను జుట్టివచ్చును. 2025లో నాగస్టునెలలో వచ్చినది. మఱియేడెనిమిదేండ్లకు మండువేసవిలోనికి జరుగును. మల్లన్నజాతరకు వచ్చు నంగడివాడు ప్రతియేట నొకేకాలమునకు సరకు సమకూర్చుకొనును. ఉర్సునకు వచ్చువా డొకయేట గొడుగులును, మఱియొకప్పు డుప్పరచెంగులును దేవలసియుండును.

జాతరలవలన బ్రతుకువారు పలువురు. ఒగ్గుకథకులు, డప్పువారు, గాజులవారు, చెఱకుబండ్లవారు, కుమ్మరులు, పిల్లలబొమ్మల వారు, సోదెచెప్పు కోయదొరలు. చేర్యాల నకాశీ చిత్రకారులు పూర్వము పటముపై కులపురాణములను జిత్రించి కథకుల కిచ్చెడివారు. క్రీడాభిరామమున బలనాటివీరుల కథ పాడువారు వీరుల బొమ్మలకెదుట బాడుట గలదు. నకాశీపటము నాసంప్రదాయమునకు దగ్గఱిచుట్టము. నేడు పటముల బరిమాణము తగ్గినది. గోడకు దగిలించుకొన దగిన చిన్నబొమ్మలు, ముఖములు యాత్రికులకై చేయుచున్నారు. కథ పోయి చిత్రము మిగిలెనని విచారించువారు గలరు. కథకుడు కొననిపటమును యాత్రికుడు కొనుటచే గుంచెయైన నిలిచినదనుటయు నంతే నిజము. లెక్క యొకవైపే లేదు.

ఇతరదేశములవారు నీభారమును దూచుటకు యత్నించుచున్నారు. ఇటలీలోని వెనీసునగరము 2024 ఏప్రిలు 25 మొదలు, రద్దీదినములందు రాత్రి బసచేయక పగటిపూట వచ్చిపోవువారినుండి ఐదుయూరోల రుసుము వసూలుచేయ నారంభించినది. మ్రొక్కునకు వచ్చినవానియొద్ద రుసుమడుగుట తెలుగుదేశమున నెవరికిని రుచింపదు. మేడారమునకైతే కప్పమునెదిరించిన దేవతల వాకిట సుంకము పెట్టుట మఱియు నసందర్భము. మిగిలినమార్గము పాతదే: వచ్చువానినుండి గాక, వారికై ప్రభుత్వము వెచ్చించు ధనములోనుండి పొలమునకు, నీటికి, చెత్త యేఱుటకు వాటా ముందుగా వ్రాయుట.

2027లో గోదావరీపుష్కరము రానున్నది. కడచినది 2015 జూలై 14 మొదలు 25 వఱకు జరిగెను. అది తొలకరి దాటినకాలము; నాట్లకు మడులు దున్ను దినములు. కాళేశ్వరము, మంగపేట మొదలగు రేవులయొద్ద నప్పుడు పొలమునకు తీరిక యుండదు, ఎద్దులకు నుండదు; వాగులు నిండియుండును. మాఘవైశాఖముల జాతరలకు సరిపడునట్లు శతాబ్దములుగా నమరిన క్రమమేదియు నాపండ్రెండుదినములకు వర్తింపదు. గట్టుపల్లెలవారు మడిలో నారువేయుదురా, రేవున యాత్రికునకు దారిజూపుదురా యన్నది యానాటి వాననుబట్టి యుండును.